మూడడుగుల గోడ మీద ఐదు గబ్బిలాలు

ఏప్రిల్ 20

ముప్పై ఏళ్లు కాలవల నక్షలు గీసిన చేయి ఊరికే ఉండనివ్వదు. ఉద్యోగ విరమణ చేసిన ఏడాది అగ్గిపుల్లలతో ప్రకాశం బ్యారేజీ కట్టాను. అటక మీద పెడితే ఎలుకల పాలైంది. అందుకని ఈసారి ఎలుకలు కొరకని సరుకుతో పని: సున్నం, మట్టి, రాయి.

చేయబోయేది ఒక గోడ. చైనా నైరుతి మూలన ఉన్న యున్నాన్ రాష్ట్రంలో, దాలీ చుట్టుపక్కల ఉండే బాయ్ జాతివారు తమ లోగిళ్లలో కట్టుకునే ఎదురుగోడ. చైనా భాషలో దాని పేరు జావ్‌బీ. అసలు గోడలో పదో వంతు కొలతతో చేస్తాను: వెడల్పు మూడడుగులు, నడుమ భాగం ఎత్తు అడుగున్నర.

2019లో దాలీ దగ్గర శీజోవ్ అనే ఊళ్లో ఐదు రోజులు ఉన్నాను. శీజోవ్ వర్తకుల ఊరు. టీ వ్యాపారంతో పైకొచ్చిన యెన్ కుటుంబం భవంతి మొదలుకొని 1948లో పూర్తయిన యాంగ్ వారి ఇల్లు దాకా అక్కడి పాత ఇళ్ల సముదాయాన్ని 2001లో చైనా ప్రభుత్వం జాతీయ రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. ఇళ్లు చూడటానికి వెళ్లినవాణ్ణి, మూడు రోజులు గోడల ముందే నిలబడిపోయాను. నోటుబుక్కులో అడుగులతో కొలిచిన లెక్కలు, నలభై దాకా బొమ్మల నకళ్లు ఉన్నాయి. ఇన్నాళ్లకు వాటి దుమ్ము దులిపాను.

ఏప్రిల్ 27

ముందు ఇల్లు అర్థమైతేనే గోడ అర్థమవుతుంది. మన మండువా లోగిలి తెలిసినవారికి కష్టం కాదు. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ రెండంతస్తుల ఇళ్లు. తేడా ఏమిటంటే ఇళ్లు నాలుగు వైపులా ఉండవు, మూడు వైపులే. నాలుగో వైపు గోడ. ఆ అమరిక పేరే ‘సాన్ ఫాంగ్ యీ జావ్‌బీ’: మూడు ఇళ్లు, ఒక ఎదురుగోడ. నాలుగు వైపులా ఇళ్లు కట్టుకునే మరో పద్ధతీ ఉంది. అందులో నడుమ పెద్ద వాకిలితో పాటు నాలుగు మూలల్లో నాలుగు చిన్న వాకిళ్లు, మొత్తం ఐదు.

దాలీకి పడమట త్సాంగ్‌షాన్ కొండలు, తూర్పున అర్‌హై సరస్సు. గాలి పడమటి నుంచీ నైరుతి నుంచీ విసిరి కొడుతుంది. అందుకే పెద్దిల్లు కొండకు వీపు పెట్టి, సరస్సు వైపు తిరిగి కూర్చుంటుంది. తూర్పు ముఖం ఇంటికి మధ్యాహ్నం దాటితే వెలుగు తగ్గిపోవాలి కదా? అక్కడే గోడకు పని పడుతుంది. పొద్దు పడమటికి వాలాక ఎండ పెద్దింటి కప్పు మీదుగా వచ్చి ఎదురుగా ఉన్న తెల్లగోడకు తగిలి, తిరిగి వాకిట్లోకి చిమ్ముతుంది. నేను మొదట దాన్ని అలంకారం అనుకున్నాను. అది సున్నంతో చేసిన దీపం.

ఈ వారం నక్ష పూర్తయింది. నడుమ భాగం ఎత్తు, అటూ ఇటూ రెక్కలు కాస్త పొట్టి, మూడింటికీ విడివిడిగా పెంకుల కప్పు, కొసలు పైకి లేచి ఉంటాయి. చూరు కింద వరుసగా చిన్న చిన్న గళ్లు: చతురస్రం, విసనకర్ర, గుండ్రం. గళ్లలో పూలు, కొండలు, పిట్టలు, పద్యాలు. గళ్ల కింద నడుమన అంతా తెలుపు. ‘బాయ్’ అంటేనే తెలుపు. ఆ తెలుపు మీద నలుపు, బూడిద రంగు తప్ప మిగతా రంగులను చాలా పొదుపుగా వాడతారు.

మే 4

మేస్త్రీ దగ్గర నుంచి సిమెంటు పలక తెచ్చి కోయించాను. ‘సున్నం ఎందుకు సార్, పుట్టీ పెట్టుకుంటే రెండు గంటల్లో అయిపోతుంది’ అన్నాడు. అయిపోవడం నాకు అక్కర్లేదని చెబితే నన్ను జాలిగా చూశాడు.

బొమ్మల జాబితా రాసి బల్ల మీద పెట్టాను. అమ్మ కళ్లజోడు సవరించుకుని చదివింది. ఆమెకు ఎనభై నాలుగు. మొదటి పేరు దగ్గరే ఆగిపోయింది.

‘గబ్బిలమా? ఇంట్లోకా?’

ఒకటి కాదు, ఐదు అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది. గబ్బిలం దూరిన ఇంటిని మా అమ్మమ్మ మూడు రోజులు వదిలేసి వెళ్లిందట, ఆ కథంతా మళ్లీ విన్నాను. చైనాలో గబ్బిలం శుభమని, వాళ్ల భాషలో దాన్ని ‘బ్యెన్‌ఫూ’ అంటారని, అందులోని ‘ఫూ’కూ అదృష్టం అనే అర్థం ఉన్న ‘ఫూ’కూ ఉచ్చారణ ఒకటేనని వివరించాను. అంతా విని, ‘వాళ్ల భాషలో శుభం, మన భాషలో గబ్బిలమే కదా’ అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మే 12

పని చెడింది. సున్నం రెండు వారాలు నీళ్లలో నానబెట్టి, వడకట్టి, సన్నని ఇసుకతో కలిపి పూశాను. ఈ ఎండలకు సాయంత్రానికే ఆరిపోయింది. తెల్లారేసరికి గోడంతా ఎండిన చెరువులా బీటలు. సున్నం నిదానంగా, తడి ఆరీ ఆరకుండా గాలిని పీల్చుకుంటూ గట్టిపడాలి. తొందరపెడితే పొడి రాలుతుంది. ఇది తెలిసి కూడా మే నెలలో మొదలుపెట్టాను, తప్పు నాదే. మొత్తం గీకేశాను.

వానలు పడేదాకా సెలవు.

జూన్ 23

తొలకరి వచ్చింది. రెండో ప్రయత్నం.

దాలీ పనివాళ్లు పై పూత సున్నంలో కాగితపు గుజ్జు కలుపుతారు. అందులోని పీచు సున్నాన్ని పట్టి ఉంచుతుంది, బీటలు రానివ్వదు. మన పాత మేస్త్రీలు గానుగ సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపినట్టే ఇదీ. పాత దినపత్రికలు నానబెట్టి, రుబ్బురోల్లో రుబ్బాను. అమ్మ రోలు ముట్టుకోవద్దంది కానీ అప్పటికే రుబ్బడం అయిపోయింది. గుజ్జు బ్రహ్మాండంగా వచ్చింది, రంగు మాత్రం బూడిద. వారం రోజుల రాజకీయాల సిరా అంతా అందులోనే ఉంది. తెల్లగోడకు తెలుపు లేకపోతే ఇక మిగిలేదేముంది? ముద్రించని తెల్లకాగితం కొని మళ్లీ రుబ్బాను. ఈసారి పాలమీగడలా ఉంది.

అడుగు పూత ఇసుకతో, పై పూత గుజ్జుతో, రెండూ కలిపి అర అంగుళం లోపే. తడి గోనె కప్పి రోజుకు మూడుసార్లు నీళ్లు చిలకరిస్తున్నాను. నాలుగు రోజులైంది. బీట లేదు.

జూన్ 30

గోడ నడుమ ఏం పెట్టాలి? ఈ ప్రశ్నతోనే వారం గడిచింది.

బాయ్ ఇళ్లలో గోడ నడుమన చాలాచోట్ల నాలుగు పెద్ద అక్షరాలు రాస్తారు. అవి ఊరికే దీవెనలు కావు, చాలావరకు ఇంటిపేరుకు సంబంధించిన మాటలు. యాంగ్ వారి గోడ మీద ‘స్వచ్ఛతే మా వంశ వారసత్వం’ అనే అర్థం వచ్చే మాట ఉంటుంది. వెనకటికి హాన్ కాలంలో యాంగ్ జెన్ అనే అధికారికి ఒకడు రాత్రివేళ బంగారం తెచ్చి, ఎవరికీ తెలియదు తీసుకోమన్నాడట. ‘ఆకాశానికి తెలుసు, భూమికి తెలుసు, నీకు తెలుసు, నాకు తెలుసు’ అని అతను తిప్పి పంపాడు. జాంగ్ వారి గోడ మీద ‘నూరు ఓర్పుల ఇల్లు’ అని రాస్తారు. ఆ వంశపు పెద్ద ఒకాయన తొమ్మిది తరాలవారితో కలిసి ఒకే ఇంట్లో ఉండేవాడు. ఎలా సాధ్యమని తాంగ్ చక్రవర్తి అడిగితే కాగితం తెప్పించి ‘ఓర్పు’ అనే అక్షరాన్నే నూరుసార్లు రాసి ఇచ్చాడట. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవారికి ఈ కథ మీద వ్యాఖ్యానం అక్కర్లేదు. జావ్ వారిది వీణ, కొంగ. ఉద్యోగానికి పోతూ ఆ రెండే వెంట తీసుకుపోయిన నిరాడంబరుడి కథ. లీ వారైతే కవి లీ బాయ్‌ని తలుచుకుంటారు. ఊళ్లో వీధి వెంట నడుస్తూ గోడ చదివితే లోపల ఉన్నవారి ఇంటిపేరు చెప్పేయవచ్చు.

మన ఇంటిపేర్లు ఊళ్ల నుంచి, వృత్తుల నుంచి, ఒక్కోసారి కూరగాయల నుంచి కూడా వచ్చాయి. మా ఇంటిపేరు ఒక ఊరిది, ఆ ఊరు ఇప్పుడు జలాశయం కింద ఉంది. దానికి నాలుగు అక్షరాల కీర్తి వెతికి వెతికి, దొరక్క, నడుమ రాయి పెట్టాలని తేల్చుకున్నాను. అది కూడా అక్కడి పద్ధతే. త్సాంగ్‌షాన్ కొండల్లో దొరికే చలువరాతిని గుండ్రటి పలకలుగా కోసి గోడల్లో పొదుగుతారు. చైనా భాషలో చలువరాతికి పేరే ‘దాలీ రాయి’. ఆ రాతిలోని చారల్లో కొండలు, మబ్బులు, జలపాతాలు కనిపిస్తాయి. చిత్రకారుడి పనంతా ఎక్కడ కోయాలో చూసుకోవడమే.

జూలై 3

చలువరాళ్ల దుకాణం వెనక ముక్కల గుట్ట మీద రెండు గంటలు గడిపాను. యజమాని మొదట టీ ఇప్పించాడు, తర్వాత అనుమానంగా చూశాడు. బూడిద చారల తెల్లముక్క ఒకటి దొరికింది. అడ్డంగా పట్టుకుంటే ఏమీ లేదు. నిలువుగా తిప్పితే రెండు కొండలు, వాటి నడుమ పొగమంచు. నాలుగంగుళాల బిళ్లగా కోసి ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు.

జూలై 9

బొమ్మలు మొదలు. నలుపు కోసం ఆముదం దీపం మీద మూకుడు బోర్లించి మసి పట్టాను. పూత ఇంకా తడిగా ఉండగానే మసిని సున్నపు తేటతో కలిపి గీస్తే, గోడతో పాటే గట్టిపడి అందులో భాగమైపోతుంది. గోడ ఆరిపోయాక అయితే జిగురు కలపాలి, అది పైపైనే నిలుస్తుంది. అందుకే ఏ రోజు గీయబోయే చోట ఆ రోజే మళ్లీ పై పూత.

తడి గోడ మీద చెరపడం ఉండదు. నక్షలు గీసినవాడికి ఇది శిక్ష. మొదటి గబ్బిలానికి రెక్కలు ఒకటి పెద్ద, ఒకటి చిన్న. రెండోది బాగానే వచ్చింది. మూలల్లో నాలుగు గబ్బిలాలు పూర్తయ్యేసరికి పొద్దుపోయింది. ఐదోది, రాతి బిళ్లకు సరిగ్గా పైన రావాల్సింది, మిగిలిపోయింది. దాన్ని మర్నాడు, గోడ ఆరాక, తుమ్మ జిగురు కలిపిన మసితో గీశాను.

ఆ ఐదోది తలకిందులుగా ఉంటుంది. కావాలనే. చైనా భాషలో ‘తలకిందులు’ అన్నా ‘వచ్చింది’ అన్నా వినడానికి ‘దావ్’ అనే ఉంటుంది. తలకిందుల గబ్బిలం అంటే అదృష్టం ఇంటికి వచ్చేసిందని. అమ్మకు చెప్పాను. ‘గబ్బిలం తలకిందులుగా కాక ఇంకెలా ఉంటుంది’ అని లోపలికి వెళ్లిపోయింది.

జూలై 16

ఈ రోజు మంచి గుణపాఠం.

ఎడమ రెక్కలో విసనకర్ర గడి. అక్కడ రావాల్సింది కొమ్మ మీద వాలిన రెండు నలుపు తెలుపు పిట్టలు. తోక పొడుగు, కాకి జాతిది, మన ఊళ్లలో లేనిది. చైనా భాషలో శీచ్వే. కొమ్మ చైనా రేగుపువ్వుది, మెయ్. ఆ పువ్వును నేను దగ్గరగా చూడలేదు. తెలియని పువ్వును గీయడం ఎందుకు, తెలిసిన శుభం గీద్దామని మామిడి కొమ్మ గీశాను. ఆకులు ఎంత అందంగా వచ్చాయో! గుమ్మానికి తోరణం కట్టినట్టు.

సాయంత్రం మా అక్క కూతురు వచ్చింది. చైనాలోనే వైద్యవిద్య చదివి వచ్చిన పిల్ల, భాష బాగా వచ్చు. గోడ ముందు కాసేపు నిలబడి నవ్వింది.

‘మామయ్యా, మామిడి కొమ్మ మీద వాలితే అది ఉత్త పిట్టే.’

కూర్చోబెట్టి చెప్పింది. పిట్ట పేరులో ‘శీ’ అంటే సంతోషం. పువ్వు పేరు ‘మెయ్’. కనుబొమనూ ‘మెయ్’ అనే పిలుస్తారు. పిట్ట కొమ్మ కొసన వాలితే ‘సంతోషం కనుబొమల దాకా పాకింది’ అని ముఖం వెలిగిపోయే మాటవుతుంది. రెండు పిట్టలైతే రెట్టింపు సంతోషం. మామిడి పెడితే సంతోషం కొమ్మ మీద కూర్చుని ఉంటుంది, ముఖం దాకా రాదు.

అంటే నేను ఇన్నాళ్లూ బొమ్మలని నకలు చేస్తున్నవి బొమ్మలు కావు, మాటలు. కంటితో చదివే శ్లేషలు. మన అవధానుల ముందు పెట్టాల్సిన సరుకు. తర్వాత గంటసేపు నా నోటుబుక్కులోని నకళ్లన్నీ ఆ పిల్ల చేత చదివించాను. చేప ‘యూ’, మిగులు కూడా ‘యూ’: ఇంట్లో ఏటా ఇంకా మిగలాలి. పూలకూజా ‘పింగ్’, క్షేమంలోనూ ‘పింగ్’: కూజాలో నాలుగు రుతువుల పూలు పెడితే ఏడాది పొడుగునా క్షేమం. జింక ‘లూ’, సర్కారు జీతమూ ‘లూ’. తామరల నడుమ తెల్లకొంగ ఉంటే, పరీక్ష మీద పరీక్ష గట్టెక్కుతూ పోవాలని. దానిమ్మ ఒక్కటే నేను సొంతంగా చెప్పగలిగాను: పగిలిన పండు నిండా గింజలు, ఇంటి నిండా పిల్లలు.

తమాషా ఏమిటంటే ఈ మాటలన్నీ చైనా భాషవి. బాయ్ వారి సొంత భాష వేరు. వందల ఏళ్లుగా పక్కవారి భాషలోని శ్లేషలను తమ గోడలకెక్కించుకుని, తమ కొండరాతిని పక్కన పొదిగి, తమ తెలుపులో కలిపేసుకున్నారు. మే నెలలో అమ్మ అడిగినదానికి జవాబు ఇందులో సగం ఉందేమో.

మామిడి కొమ్మ గీకేశాను. బాధేసింది, ఆకులు నిజంగా బాగా వచ్చాయి.

జూలై 25

రేగుపూల కొమ్మ పూర్తయింది. ఐదు రెక్కల పువ్వులు, ఆకులు లేని బోసి కొమ్మ, చలికాలం చివర పూస్తుంది కాబట్టి. పిట్టలు రెండు. కుడి రెక్కలో కూజా. చూరు కింద గళ్లలో తామర, వెదురు, చేప. మిగిలిన మూడు గళ్లు ఖాళీగానే వదిలాను. ఇక చాలు అనిపించింది.

ఆగస్టు 6

పెంకులు. వాళ్లవీ మన గూన పెంకుల్లాంటివే: ఒక వరుస వెల్లకిలా, దాని అంచుల మీద మరో వరుస బోర్లా. కుమ్మరి వద్ద మట్టి తెచ్చి, పెన్సిలు మీద చుట్టి, నిలువునా కోసి చేశాను. రెండు వందల పది. కాల్చడానికి ఆయన ఆవంలోనే పెట్టించాను. ముప్పై పగిలాయి, ఎక్కువేమీ కాదు. బాయ్ ఇళ్ల పెంకులు బూడిద రంగువి, మనవి ఎర్రగా వచ్చాయి. మసి నీళ్లు పూశాను. దగ్గరగా చూస్తే ఎరుపు తెలుస్తోంది. తెలియనీ.

మిగిలిన మట్టితో ఒక పిల్లి. యున్నాన్‌లో ఇంటి కప్పు మీద మట్టిపిల్లిని కూర్చోబెడతారు. హచింగ్ ప్రాంతపు పిల్లికి ముఖమంతా నోరే, వచ్చే చెడునంతా మింగేయడానికి. మన గుమ్మానికి కట్టే దిష్టి గుమ్మడికాయకు దూరపు చుట్టం. నా పిల్లి నోరు ఆవంలో ఇంకాస్త సాగి, చెడును మింగేదానిలా కాక ఆవులిస్తున్నట్టు వచ్చింది. అయినా ఇంటి కప్పు మీదిదాన్ని ఎదురుగోడ మీద పెట్టడం పద్ధతి కాదు. అది నా బల్ల మీదే ఉంటుంది.

పక్షి ఒకటి చేద్దామని కూడా ఉంది. దాలీ గోపురాల శిఖరాల మీద బంగారు రెక్కల పక్షిని నిలబెట్టేవారు. వరదలు తెచ్చే నీటి నాగులను అది అణచి ఉంచుతుందని నమ్మకం. 69 మీటర్ల ఛ్యెన్‌షున్ గోపురానికి 1978లో మరమ్మతులు చేస్తుంటే వెండితో చేసి బంగారు పూత పూసిన ఆ పక్షి బొమ్మ దొరికింది. మరెవరో కాదు, పాములకు శత్రువైన మన గరుత్మంతుడే, బౌద్ధంతో పాటు అంతదూరం ఎగిరి వెళ్లాడు. కానీ అది గోపురాల పక్షి. ఇంటి గోడ మీదికి లాక్కురావడం నాకు నచ్చలేదు. మామిడి కొమ్మ అనుభవం చాలు.

ఆగస్టు 15

వాన లేని సాయంత్రం దొరికింది. గోడను బాల్కనీలో పడమటి వైపు తిప్పి నిలబెట్టాను. పన్నెండు కిలోలు, నడుము పట్టేసింది. ఎదురుగా అట్టపెట్టెతో పెద్దింటిని, అటూ ఇటూ రెండు పక్క ఇళ్లను పెట్టాను. నాలుగున్నరకు ఎండ పెట్టె మీదుగా వచ్చి గోడ మీద పడింది. అట్ట ఇంటి వసారాలో చిన్న అక్షరాల క్యాలెండరు కాగితం పెట్టి చూశాను. అంకెలు స్పష్టంగా కనిపించాయి. గోడ ముందు నల్లబట్ట కప్పితే అదే చోట ఏమీ కనిపించలేదు. బట్ట తీశాను, కప్పాను, తీశాను. చిన్నపిల్లాడిలా ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు.

అమ్మ కుర్చీ తెప్పించుకుని కూర్చుంది. గోడకేసి చాలాసేపు చూసి, ‘ఐదెందుకు?’ అంది.

ఐదు గబ్బిలాలు ఐదు భాగ్యాలు అన్నాను. వాళ్ల ప్రాచీన గ్రంథంలో ఉన్న లెక్క. ఒకటి ఆయుష్షు. రెండు సంపద. మూడు ఆరోగ్యం, నిశ్చింత. నాలుగు ధర్మం మీద ఇష్టం.

‘ఐదు?’

బాధపడకుండా, కాలం తీరాక పోవడం.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత రోజూ గుళ్లో కూర్చుని అనుకునేదే పైకి అంది: ‘అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం...’ మిగతాది లోలోపలే పూర్తిచేసింది.

‘ఐదోది ఏది?’

రాతి బిళ్ల పైన తలకిందులుగా ఉన్నదాన్ని చూపించాను. వంగి, దాని మీది సున్నపు దుమ్మును కొంగుతో మెల్లగా తుడిచింది. కొంగుకు నల్లగా అంటింది. ఆ ఒక్కదాన్నే ఆరిన గోడ మీద గీశాను కదా, జిగురు చాలినట్టు లేదు. రేపు మళ్లీ గీయాలి.